పాత హిమాలయన్ మార్చే ముందు

రాయల్ ఎన్‌ఫీల్డ్ బైక్ హిమాలయన్ 411 పాతబడి కొత్త హిమాలయన్ 450 చూస్తున్నారా? టెస్ట్ రైడ్ మాత్రం ఖాళీ హైవే మీద చేయకండి, అక్కడ ఏ బండైనా బాగానే ఉంటుంది. వెనక ఒకరిని ఎక్కించుకుని, స్పీడ్ బ్రేకర్లున్న ఎత్తు రోడ్డు ఎక్కించండి. 411 ఇంజన్ 4,000-4,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరే తన పూర్తి టార్క్, అంటే లాగే బలం, 32 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు) ఇచ్చేస్తుంది. అందుకే గేరు మార్చకుండా మెల్లగా లాగించేయడం మనకు అలవాటైపోయింది. 450లో 40 ఎన్‌ఎం ఉన్నా, అది 5,500 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అరకు ఘాట్‌లో బస్సు వెనక ఇరుక్కుంటే గేరు దించాల్సిందే. కొందరికి అదే సరదా, కొందరికి విసుగు.

తర్వాత ఇంజన్ ఆపి, సీటు మీద కూర్చునే బండిని వెనక్కి తోయండి. సీటు ఎత్తు 800 మి.మీ. నుంచి 825కి పెరిగింది. కాగితం మీద చిన్న తేడానే, కంకర మీద కాలు ఆనకపోతే తెలుస్తుంది టెన్షన్. బరువు దాదాపు పాత బండి అంతే, 196 కేజీలు.

స్పోక్ చక్రాలైతే ట్యూబ్‌లెస్సా కాదా అని ముందే అడగండి. ట్యూబ్ టైరు పంక్చరైతే చక్రం విప్పాల్సిందే, ట్యూబ్‌లెస్‌కి ప్లగ్ పెట్టుకుని బయల్దేరొచ్చు.