అమెరికా దరఖాస్తుల్లో ‘రేస్’ ప్రశ్నకు సమాధానం ఎలా ఇవ్వాలి

నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి ప్రాంతాల నుంచి అమెరికా చదువులకు వెళ్లే విద్యార్థులు మార్కుల వివరాలన్నీ తడబడకుండా నింపుతారు గాని, రేస్ (జాతి), ఎత్నిసిటీ (సాంస్కృతిక మూలాలు) ప్రశ్నల దగ్గర చేయి ఆగుతుంది. మన దగ్గర ఏ వర్గమని అడిగారంటే దాని వెనుక రిజర్వేషన్ ఉంటుంది, మీసేవలో దరఖాస్తు పెట్టి తెచ్చుకున్న కుల ధ్రువీకరణ పత్రం ఉంటుంది. అక్కడ ఆ పత్రంతో పని లేదు. ఏ సమూహానికి చెందినవారో ఎవరికి వారే చెప్పుకోవాలి.

సాధారణంగా ప్రశ్నలు రెండు ఉంటాయి. మొదటిది హిస్పానిక్ లేదా లాటినో, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల లేదా లాటిన్ అమెరికా మూలాల గురించి. మనలో దాదాపు అందరికీ ‘కాదు’ అన్నదే సమాధానం. రెండోదానిలో ‘ఏషియన్’ ఎంచుకోవాలి, ఉపజాబితా వస్తే ‘ఏషియన్ ఇండియన్’ అని గుర్తించాలి. 2024లో అమెరికా ప్రభుత్వం సవరించిన ప్రమాణాలు ఈ రెండు ప్రశ్నలనూ కలిపి, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలవారికి వేరే గడి చేర్చాయి కాబట్టి పాత, కొత్త నమూనాలు రెండూ ఎదురుకావచ్చు.

దేవరకొండ వైపు తండాల పిల్లలు, అమ్రాబాద్ చెంచు పిల్లలు ఒకచోట ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ‘అమెరికన్ ఇండియన్’ అన్న గడి, దాని పక్కనే తెగ పేరు రాయమనే ఖాళీ చూసి, ఎస్టీలం కదా అని అక్కడ టిక్కు పెట్టకూడదు. అది ఉత్తర, దక్షిణ అమెరికాల ఆదివాసులకు ఉద్దేశించినది. లంబాడ, చెంచు కుటుంబాల వారు కూడా ‘ఏషియన్’ గడినే ఎంచుకోవాలి. అయితే ఇంట్లో మాట్లాడే భాష అడిగినచోట, లంబాడీ మాట్లాడే ఇళ్లవారు లంబాడీ అనే రాయాలి. బడిలో చదివింది తెలుగే అయినా ఆ ప్రశ్న ఇంటి గురించినది.

ఒకటికి మించి గడులు ఎంచుకునే వీలు అమెరికా 2000 జనగణన నుంచి ఉంది. వనపర్తి సంస్థానపు కొలువు నుంచి నిజాం కొలువుకు వెళ్లిన ఆఫ్రికన్ ఆశ్వికుల వారసులు హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో ఇప్పటికీ ఉన్నారు. అటువంటి ఇంటి బిడ్డ ‘ఏషియన్’తోపాటు ‘బ్లాక్’ గడిలోనూ టిక్కు పెడితే అందులో తప్పేమీ లేదు.

ఈ గడులను రక్తానికి సంబంధించిన తీర్పుగా తీసుకోనక్కరలేదు. 1920 నుంచి 1940 వరకు జరిగిన మూడు జనగణనల్లో అమెరికా ‘హిందూ’ అన్నదాన్నే ఒక జాతిగా లెక్కపెట్టింది. సిక్కు అయిన భగత్ సింగ్ థింద్ శ్వేతజాతీయుడు కాడని, కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1970 జనగణనకు వచ్చేసరికి మనవాళ్లను శ్వేతజాతిలో కలిపారు, 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అన్నారు. మనుషులు మారలేదు, గడులే మారాయి.

చాలా దరఖాస్తుల్లో ఈ ప్రశ్న ఐచ్ఛికమే. ‘చెప్పదలచుకోలేదు’ అన్నదానిని ఎంచుకున్నా నష్టం లేదు. ప్రవేశాల్లో జాతిని ఒక అంశంగా పరిగణించే పద్ధతిని అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్‌లో కొట్టివేసింది కనుక, ఏ గడి ఎంచుకుంటే సీటు వస్తుందన్న కన్సల్టెన్సీల సలహాలను పట్టించుకోకపోవడమే మేలు.

కులానికి మాత్రం అక్కడి జాతి ప్రశ్నలో గడి లేదు, కాని తెలుగువాళ్లు కలిసి ఉండే అద్దె ఇళ్లలో ‘మీరెవరోళ్లు’ అన్న ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. దానికి సమాధానం చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. ఆ కారణంగా వివక్ష జరిగితే ఫిర్యాదు చేసే దారి ఊరినిబట్టి ఉంటుంది: సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను చట్టంతో నిషేధించగా, కాలిఫోర్నియాలో అదే ఏడాది శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు తిప్పి పంపారు. అయినా కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం అంతకుముందే, 2022లో, తన వివక్ష వ్యతిరేక విధానంలో కులాన్ని చేర్చింది. కాబట్టి చేరబోయే విద్యాసంస్థ విధానంలో ఆ ప్రస్తావన ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోవాలి.