నడుములో సూది అంటే భయపడేవారికి వేళ్లతో వెన్నుపాము లెక్క

"సిస్టరమ్మా, సూది వెన్నుపాముకు తగిలితే కాళ్లు పడిపోతాయట కదా?" ఒడిశాలోని రాయగడలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా నేను వినని రోజు లేదు ఈ ప్రశ్న. గుణుపురం నుంచి వచ్చినా, కూనేరు దాటి వచ్చినా ఆపరేషన్‌కు ముందు నడుములో ఇచ్చే మత్తు సూది అంటే అందరిదీ అదే బెంగ. గోడమీద బొమ్మ చూపిస్తే తలూపుతారు గానీ నమ్మరు. అందుకే తోడుగా వచ్చినవాళ్ల వీపు మీదే చూపిస్తాను. మీరూ ఇంట్లో చూడవచ్చు.

ముందు ఒక తేడా. వెన్నెముక ఎముక, వెన్నుపాము దాని లోపలి నరాల తాడు. ఒడియాలో 'మేరుదండ' అన్నా ఆ ఎముకే.

అక్కను కూర్చోబెట్టి తల వంచమనండి. మెడ మొదట్లో ఉబికే పూస సాధారణంగా మెడలో ఏడోది. రెండు ఉబ్బులు తగిలాయా? ఒక్కో పూస మీద ఒక్కో వేలు ఆనించి, తల మెల్లగా వెనక్కి వాల్చమనండి. వేలి కింద నుంచి జారిపోయేది ఆరోది, నిలిచేది ఏడోది. నాకు ఇది ఇప్పటికీ వింతే.

అక్కడినుంచి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ దిగకండి, కండ పట్టినవాళ్ల వీపులో దారి తప్పుతారు. జగడానికి నిలబడ్డట్టు నడుము మీద రెండు చేతులూ పెట్టమనండి. చేతులు ఆనే తుంటి ఎముకల పైఅంచులను వెనక కలుపుతూ అడ్డగీత గీస్తే, అది దాదాపు నాలుగో నడుము పూస మీదుగా పోతుంది. ఆ గీతకు రెండు మూడు పూసల పైన, మొదటి రెండో నడుము పూసల దగ్గర, వెన్నుపాము అయిపోతుంది. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు, లావు చిటికెన వేలంత. పూసలదండలో దారం చివరిదాకా ఉంటుంది, ఇక్కడ మాత్రం సగం నడుములోనే ఆగుతుంది. పుట్టినప్పుడు మూడో నడుము పూస దాకా ఉంటుంది. ఆ తర్వాత ఎముక పెరిగినంతగా తాడు పెరగదు.

కింద మిగిలేవి నీళ్లలో తేలే జడకుచ్చుల్లాంటి నరాలు. మత్తు సూది వేసేది ఇక్కడే. సూది వస్తే ఆ నరాలు చాలావరకు పక్కకు జరుగుతాయి. వేళ్ల లెక్క ఒక పూస తప్పవచ్చు, అందుకే మత్తు డాక్టరు ఎప్పుడూ కిందికే మొగ్గుతారు.

ఇక మీ పని ఒక్కటే. దిండు కౌగిలించుకుని, గడ్డం గుండెకు ఆనించి, వీపును పిల్లి వీపులా వంచండి. అప్పుడే పూసల మధ్య సందు తెరుచుకుంటుంది. సూది చురుక్కుమనగానే నిటారుగా లేవకండి.