మూలకణ మార్పిడికి వెళ్లే ముందు ఇంట్లో చేసుకోవలసిన ఏర్పాట్లు

మైలోమా, లింఫోమా, లుకేమియా వంటి రక్తక్యాన్సర్లకు చికిత్స పొందుతున్నవారికి డాక్టరు మూలకణ మార్పిడి (రక్తాన్ని పుట్టించే కణాలను ఎక్కించే చికిత్స, స్టెమ్‌సెల్ ట్రాన్స్‌ప్లాంట్) సూచించగానే కుటుంబమంతా ఖర్చు లెక్కల్లో మునిగిపోతుంది. ఆ లెక్కలు అవసరమే. అయితే ఆస్పత్రిలో చేరకముందు గడిచే కొద్ది వారాల్లో ఇంటివాళ్లే చూసుకోవలసిన పనులు చాలా ఉన్నాయి, చేరాక వాటిలో కొన్నింటికి వీలే ఉండదు.

ఎవరి మూలకణాలు ఎక్కిస్తారన్నది మొదట అడిగి తెలుసుకోవాలి. రోగి సొంత కణాలైతే, నాలుగైదు రోజుల ఇంజెక్షన్లతో ఎముక మూలుగలోని ఆ కణాలను రక్తంలోకి రప్పించి, యంత్రం ద్వారా కొన్ని గంటల్లో వేరుచేసి భద్రపరుస్తారు. ఆ తరువాత తీవ్రమైన కీమో ఇచ్చి, వాటిని రక్తం ఎక్కించినట్టే తిరిగి ఎక్కిస్తారు. ఇందులో కోత ఉండదని పెద్దవాళ్లకు ముందే చెబితే సగం భయం పోతుంది. వేరొకరి కణాలు కావలసివస్తే అవి రోగికి సరిపోతాయో లేదో చూసే హెచ్‌ఎల్‌ఏ పరీక్షను తోడబుట్టినవారికి చేయిస్తారు. ఒక్కొక్కరికి పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమే కాబట్టి, సరిపోలేదని ఎవరినీ నిందించకూడదు. చెన్నైలోని దాత్రి వంటి దాతల రిజిస్ట్రీలు ఉన్నాయి, తల్లిదండ్రులు, పిల్లల నుంచి సగం సరిపోలికతో చేసే పద్ధతీ ఉంది.

మార్పిడి చేసే ఆస్పత్రికి వెళ్లాలంటే చిత్తూరు వారికి వేలూరు దగ్గరే, తిరుపతి వారికి చెన్నై సుమారు మూడు గంటల ప్రయాణం. అయినా రోజూ వచ్చిపోవడం కుదరదు. సొంత కణాలతో అయితే సుమారు మూడు వారాలు ఆస్పత్రిలో ఉండాలి. దాత కణాలతో అయితే ఇంకా ఎక్కువ, ఆపైన మొదటి 100 రోజులు ఆస్పత్రికి దగ్గర్లోనే ఉండమంటారు. అందుకే అద్దె గదిని ముందే చూసుకోవాలి. ఖర్చు అంచనా పత్రాన్ని చేరకముందే తీసుకుని, ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కలిసి ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందో లేదో కనుక్కోవాలి.

పళ్ల సంగతి చాలామంది మరిచిపోతారు. కీమో తరువాత తెల్లరక్తకణాలు దాదాపు లేకుండా పోయే రోజుల్లో, పుచ్చుపంటి కింద దాగిన చీము ప్రాణం మీదికి తెస్తుంది. దంతవైద్యుడిని కొన్ని వారాల ముందే కలవాలి, కాని రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో చూసుకుని క్యాన్సర్ డాక్టరు ఒప్పుకున్నాకే పన్ను తీయించుకోవాలి. వయసులో ఉన్నవారు వీర్యాన్ని లేదా అండాలను భద్రపరచుకునే విషయాన్ని సిగ్గుపడకుండా అడగాలి; అండాలకు సుమారు రెండు వారాలు పడుతుంది.

జుట్టు ఎలాగూ రాలుతుంది కనుక ముందే తలనీలాలు ఇచ్చివద్దామనుకోవడం మన తిరుపతిలో సహజం. కౌంట్లు, అంటే రక్తకణాల లెక్కలు, బాగున్నప్పుడు డాక్టరును అడిగి ఆ మొక్కు తీర్చుకోవచ్చు. కౌంట్లు పడిపోయాక మాత్రం మంగలికత్తి గాటు కూడా ప్రమాదమే, క్యూలైన్ల రద్దీ అంతకన్నా ప్రమాదం.

అసలు చిక్కు తిరుపతి ఇళ్లలోనే ఉంది. దర్శనానికి వచ్చే బంధువులు దిగేది మన ఇంట్లోనే కదా. రోగి తిరిగి వచ్చాక కొన్ని నెలలపాటు ఎవరూ దిగడానికి వీల్లేదని ఇంటిపెద్ద ముందుగానే ఫోన్ చేసి చెప్పాలి. రోగి నోటితో చెప్పించడం భావ్యం కాదు. పూలదండలు, మట్టికుండీల మొక్కలు గదిలోకి రానివ్వకూడదు, వాటి నుంచి బూజు సోకవచ్చు. విడిగా కట్టిన ప్రసాదం, తులసి తీర్థం కళ్లకద్దుకుని పక్కన పెట్టించాలి. వేడివేడి సంగటి పెట్టవచ్చు గాని, పచ్చి ఉల్లిపాయ, కోసి ఉంచిన పండ్లు, నిన్నటి పచ్చడి వద్దు. నీళ్లు కాచి చల్లార్చినవే ఇవ్వాలి.

తోడుండే మనిషి ఒకరే ఉండాలి, వారికి జలుబు చేస్తే వచ్చి కూర్చోవడానికి రెండో మనిషినీ అనుకుని ఉంచాలి. మంచి థర్మామీటరు కొనాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే మాత్ర వేసి చూద్దామని ఆగకుండా, ఆ క్షణమే ఆస్పత్రికి ఫోన్ చేయాలి, ఎందుకంటే యాంటీబయాటిక్ ఇవ్వడంలో గంటలు గడిస్తే పరిస్థితి చేయిదాటుతుంది. అర్ధరాత్రి అవసరమైతే ముందు ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలో మార్పిడి చేసిన డాక్టరునే అడిగి, డిశ్చార్జి పత్రం జిరాక్సుతో పాటు ఆ నంబరును ఫ్రిజ్ మీద అంటించి, వచ్చే కారు ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోవాలి.