సిక్కోలులో పక్షులను చూడటం, లెక్క రాయడం, కాపాడుకోవడం ఎలా మొదలుపెట్టాలి?

పక్షులంటే ఇష్టం ఉన్నవాళ్లు మన శ్రీకాకుళం జిల్లాలో చాలామందే ఉన్నారు. చలికాలంలో ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని, పక్షులు గూళ్లు కట్టే తేలినీలాపురం వెళ్తారు. గూడబాతుల్ని (పెలికాన్లను) చూసి, ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు. మళ్లీ పక్షుల మాట ఎత్తేది వచ్చే ఏడాదే. ఆ ఇష్టాన్ని ఏడాది పొడవునా సాగే పనిగా మార్చుకోవాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తేలినీలాపురం కంటే ముందు మీ ఊరి చెరువుకు వెళ్లండి. తేలినీలాపురానికి పేరుంది, అటవీశాఖ వాళ్ల కాపలా ఉంది, పక్షుల్ని తమవిగా చూసుకునే ఊరివాళ్లున్నారు. మీ ఊరి చెరువులో ఏ నెలలో ఏ పక్షి ఉంటుందో రాసిపెట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు. రేపు ఆ చెరువులో సగం పూడ్చి ప్లాట్లు వేస్తే, అక్కడ ఏమేం ఉండేవో చెప్పడానికి ఒక్క కాగితం ముక్క కూడా మిగలదు.

ముందు ఒక చోటు ఎంచుకోండి

ఇంటి నుంచి నడిచి గానీ సైకిల్ మీద గానీ పది నిమిషాల్లో చేరే చోటు చూసుకోండి. చెరువు గట్టు, గెడ్డ ఒడ్డు, కళ్లం పక్క తోపు, కాలేజీ ఆవరణ, ఏదైనా సరే. సోంపేట, సంతబొమ్మాళి వైపువాళ్లకు బీలలు, అంటే నీళ్లు నిలిచే తడి నేలలు ఉన్నాయి, అది అదృష్టమే. విజయనగరంలో ఉంటే పెద్ద చెరువు ఊరి మధ్యలోనే ఉంది. కాస్త దూరం వెళ్లగలిగితే తాటిపూడి రిజర్వాయర్, కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసే చోటు ఉన్నాయి. దూరం ఎక్కువైతే నాలుగు వారాలు వెళ్లి మానేస్తాం. దగ్గరైతే రోజూ వెళ్తాం, రోజూ వెళ్లినవాళ్లకే తేడా కనిపిస్తుంది.

తెల్లవారాక మొదటి రెండు గంటలు చాలా మంచి సమయం. సాయంత్రమైతే ఎండ తగ్గాక వెళ్లండి. సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడండి. ఎండకు ఎదురుగా చూస్తే ప్రతి పక్షీ నల్లగానే కనిపిస్తుంది. మట్టి రంగు బట్టలు, టోపీ, నీళ్ల సీసా ఉంటే చాలు.

బైనాక్యులర్ వెంటనే కొనొద్దు. మొదటి రెండు మూడు నెలలు కళ్లతోనే చూడండి. ఆ తర్వాత కూడా ఇష్టం అలాగే ఉంటే 8x42 రకం కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందున్న అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. షాపువాళ్లు పదహారు రెట్లు, ఇరవై రెట్లు అంటూ అంటగట్టాలని చూస్తారు. అంత పవర్ ఉన్నది చేత్తో పట్టుకుంటే బొమ్మ వణుకుతుంది, పక్షి దొరకదు.

తెల్ల కొంగలతో మొదలుపెట్టండి

కొత్తవాళ్లు రంగురంగుల పిట్టల కోసం వెతుకుతారు. నన్నడిగితే కొంగలే మంచి బడి. పెద్దగా ఉంటాయి, కదలకుండా నిలబడతాయి, ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. పైగా మనం తెల్ల కొంగ అని ఒకే పేరుతో పిలిచేవాటిలో నాలుగు వేర్వేరు జాతులున్నాయి.

దమ్ము చేస్తున్న పొలంలో ట్రాక్టర్ వెనకో, గేదె పక్కనో నడిచే పొట్టి కొంగను చూడండి. ముక్కు పొట్టిగా, పసుపుపచ్చగా ఉంటే అది పశువుల కొంగ. వానాకాలంలో దాని తల, మెడ బంగారు రంగుకు తిరుగుతాయి. ముక్కూ కాళ్లూ నల్లగా ఉండి, వేళ్లు మాత్రం పసుపుపచ్చగా ఉంటే చిన్న కొంగ. అది నీళ్లలో కాలు ఆడించి చేపపిల్లల్ని అదరగొడుతుంది, అప్పుడు బురదలోంచి ఆ పసుపు వేళ్లు పైకి రావడం స్పష్టంగా కనిపిస్తుంది. మిగిలిన రెండూ పొడుగు మెడవి. నోటి చీలిక కన్ను దాటి వెనక్కి పోతే అది పెద్ద కొంగ, కన్ను కిందే ఆగిపోతే మధ్యరకం కొంగ. ఈ చివరి తేడా పట్టుకోవడానికి ఓపిక కావాలి. పట్టుకున్న రోజున మీ చూపే మారిపోయిందని మీకే తెలుస్తుంది.

ఏ పక్షినైనా ఇదే వరసలో చూడండి. ముందు సైజు. పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా, అంతకంటే పెద్దదా? తర్వాత ముక్కు ఆకారం, కాళ్ల రంగు, నడక, తోక ఆడించే తీరు. ఒంటి రంగు చివర్న చూడండి, అది వెలుగును బట్టి మోసం చేస్తుంది. గుడ్డికొంగ గట్టు మీద కూర్చుంటే మట్టి రంగులో కలిసిపోతుంది, లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి.

పేరు తెలియకపోతే ఫోన్‌లో మెర్లిన్ అనే ఉచిత యాప్ వేసుకోండి. ఫోటో చూపించినా, కూత వినిపించినా అది పేరు సూచిస్తుంది. అది చెప్పేది సూచన మాత్రమే. కూత విని యాప్ ఏదో పేరు చూపించిందని, మీరు చూడని పక్షిని రాసేయొద్దు. పొలంలో పనిచేసే పెద్దవాళ్లను కూడా అడగండి. తీతువు ఎక్కడ గుడ్లు పెడుతుందో, కంజు పిట్టలు ఎప్పుడు కనిపిస్తాయో, బురద అంచున తిరిగే ఉల్లంకులు ఏ నెలలో దిగుతాయో వాళ్లు చెప్పినట్టు ఏ యాప్ చెప్పదు.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. బీలల దగ్గర కొత్త మనిషి బైనాక్యులర్ పట్టుకుని నిలబడితే, “ఏటి బాబూ, సర్వేకొచ్చినారా?” అని అడుగుతారు. అందుకు కారణం ఉంది. థర్మల్ ప్లాంట్లకు వ్యతిరేకంగా బీల కోసం జరిగిన పోరాటాల్లో 2010 జూలైలో సోంపేటలో, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఈ జిల్లాలో తడి నేలల కోసం ప్రాణాలిచ్చింది రైతులు, మత్స్యకారులు. ఆ నీళ్లు ఉన్నాయి కాబట్టే పక్షులూ ఉన్నాయి. కాబట్టి వెళ్లగానే ముందు మీరే పలకరించండి, ఏం చూస్తున్నారో చెప్పండి, బైనాక్యులర్ వాళ్ల చేతికివ్వండి. చాలాసార్లు ఆ రోజు మంచి పక్షిని చూపించేది వాళ్లే.

చూసింది చూసినట్టు రాయండి

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, చోటు, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము, ఎంత దూరం నడిచారు, ఏ పక్షి ఎన్ని. ఇంతే. “చాలా ఉన్నాయి” అని రాస్తే పదేళ్ల తర్వాత ఎవరికీ ఉపయోగపడదు. పెద్ద గుంపయితే ముందు పది లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఉన్నాయో చూసుకుని, గుంపంతా అలాంటివి ఎన్ని ఉంటాయో అంచనా వేయండి. లెక్క కొంచెం అటూ ఇటూ అయినా ఫరవాలేదు.

కాకుల్ని, గోరింకల్ని, పావురాల్ని వదిలేయొద్దు. మామూలు పక్షులే కదా అని ఎవరూ రాయకపోతే, అవి తగ్గిపోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఊరపిచ్చుక విషయంలో అదే జరిగింది. అందరి నోటా “ఒకప్పుడు బోలెడు ఉండేవి” అన్న మాటే, లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు.

నోట్‌బుక్‌లో రాసింది ఈబర్డ్ అనే పక్షుల లెక్కల యాప్‌లోకి ఎక్కించండి. ఇది కూడా ఉచితమే, సిగ్నల్ లేని చోట కూడా యాప్‌లో రాసుకుని ఇంటికొచ్చాక పంపొచ్చు. కనీసం పదిహేను నిమిషాలు చూడండి, గుర్తుపట్టినవన్నీ రాయండి. చివర్లో, గుర్తుపట్టినవన్నీ రాశారా అని అడుగుతుంది. అవును అంటేనే ఆ జాబితాకు పూర్తి విలువ. ఎందుకంటే అప్పుడే పరిశోధకులు మీరు రాయని పక్షి ఆ రోజు అక్కడ కనిపించలేదని లెక్కలోకి తీసుకోగలరు.

గూళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు

చెరువు దగ్గర చూపు కుదిరాక తేలినీలాపురం, తేలుకుంచి వెళ్లండి. అప్పుడు చూసే తీరే వేరుగా ఉంటుంది.

ఇచ్ఛాపురం మండలంలోని తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరితో వస్తాయి, ఊరి చెట్ల మీదే గూళ్లు కడతాయి, పిల్లలకు రెక్కలొచ్చాక చలికాలం మొదట్లో వెళ్లిపోతాయి. పెద్ద పక్షి ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. నత్త పెంకును అది పగలగొట్టదు. ముక్కు కొనను మూత సందులోకి దూర్చి, కండ కోసి, లోపలిదాన్ని బయటికి లాగుతుంది. పొలాల్లో నత్తలు తినే పక్షి కాబట్టి రైతుకు మేలే చేస్తుంది.

టెక్కలి మండలం తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వానలు తగ్గే రోజుల్లో వచ్చి వేసవి మొదటి దాకా ఉంటాయి. అక్కడ వాచ్‌టవర్ ఉంది. వాటిని సైబీరియా పక్షులు అనడం అందరికీ అలవాటైపోయింది గానీ, ఈ గూడబాతు దక్షిణాసియాది, ఆగ్నేయాసియాది. అది గుడ్లు పెట్టేదీ, పిల్లల్ని పెంచేదీ ఇక్కడే. ఆడపిల్లలు పురిటికి పుట్టింటికి వచ్చినట్టు వస్తాయని ఊరివాళ్లు అనే మాట నిజానికి చాలా దగ్గరగా ఉంది. నిజంగా ఉత్తరాన ధ్రువప్రాంతాల నుంచి వచ్చేవాళ్లను చూడాలంటే కొంచెం ముందుకు, నౌపడ ఉప్పు మడుల దగ్గరికి వెళ్లండి. పిచ్చుకంత ఉండే చిన్న ఉల్లంకి రకాలు బురద అంచున గబగబా పరుగులు తీస్తుంటాయి. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చింది అవి. వాటి వైపు ఒక్కరూ తల తిప్పరు, నాకు బాధ కలిగేది అక్కడే.

గూళ్లున్న చెట్ల కింద మాట తగ్గించండి. చప్పట్లు కొట్టి లేపొద్దు. డ్రోన్ ఎగరేయొద్దు, ఫ్లాష్ వాడొద్దు, ఫోన్‌లో కూతలు పెట్టి పిలవొద్దు. తల్లి లేచిపోతే ఎండ దెబ్బకు పిల్లలు నిమిషాల్లో నీరసిస్తాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. అరుదైన పక్షి గూడు దొరికితే ఫోటోతో పాటు చోటు పేరు పెట్టకండి.

పిల్ల కిందపడితే పైకి చూడండి. గూడు అందేలా ఉంటే తిరిగి పెట్టొచ్చు, మనిషి తాకితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. అందకపోతే, దెబ్బ తగిలితే అక్కడి అటవీశాఖ వాచర్‌కు అప్పగించండి, ఇంటికి తీసుకెళ్లొద్దు. చచ్చిన పక్షులు ఒకటికి మించి కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు. ఫోటో తీసి, అటవీశాఖకూ పశువైద్యుడికీ వెంటనే చెప్పండి. 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు వరసగా చనిపోయాయి, వాటి కడుపుల్లో నులిపురుగులు బయటపడ్డాయి. ఎంత త్వరగా కబురు అందితే కారణం తేలడం అంత సులువు.

అందరితో కలిసి లెక్కపెట్టే రోజులు

సంక్రాంతి సెలవులకు ఊరొచ్చేవాళ్లకు ఒక మంచి పని ఉంది. ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది. మన దేశంలో ఇది 1987 నుంచి నడుస్తోంది. ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్క ఉంటుంది, పదిహేను నిమిషాలు కేటాయిస్తే చాలు. అదే రోజుల్లో కాలేజీలకు క్యాంపస్ లెక్క కూడా ఉంటుంది. టీచర్లు ఒకసారి పిల్లలతో చేయించి చూడండి, పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లు కూడా ఎంత హుషారుగా వస్తారో. ఇలాంటి రోజుల్లోనే పక్క మండలంలో పక్షులు చూసేవాళ్లు పరిచయమవుతారు.

కాపాడే పని

ఉచ్చులు, ఉండేళ్లు, సంతలో అమ్మే కంజులు, పంజరంలో రామచిలుక. ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరాలు. చూస్తే మీరు గొడవకు దిగొద్దు, అటవీశాఖ బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. అందుకే ఆ నంబరు ముందే తీసుకుని పెట్టుకోవాలి. చేపల చెరువుల మీద కట్టిన సన్న వలల్లో కొంగలు, నీటికాకులు చిక్కి చనిపోతుంటాయి. యజమానిని తిట్టి లాభం లేదు, ఆయన నష్టం ఆయనది. సన్న వల బదులు పక్షికి కనిపించేలా లావు తాడు గానీ, ఎండకు మెరిసే టేపు గానీ బిగించమని అడిగితే వినేవాళ్లు ఉన్నారు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం తోటలతో పాటు పెద్ద పెద్ద చెట్లు నేలకూలాయి. చింత, రావి, మర్రి లాంటివి పెరిగి గూళ్లు మోసేంతవడానికి దశాబ్దాలు పడుతుంది. బడి ఆవరణలోనో చెరువు గట్టు మీదో ఇవి నాటితే మొదటి మూడు వేసవులు నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకోండి.

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది చెరువు పూడికతీత సమయంలో ఒక మాట అడగడం. ఉపాధి పనుల్లో చెరువును నాలుగు వైపులా నిట్టనిలువుగా తవ్వేస్తే నీటికాకుల్లాంటి ఈదే పక్షులు తప్ప మిగతావి దిగలేవు. ఉల్లంకులకు చీలమండ లోతు నీళ్లు, కొంగలకు మోకాలి లోతు నీళ్లు కావాలి. ఒక వైపు ఏటవాలుగా వదలమని, తుంగ కొంచెం ఉంచమని, మధ్యలో తుమ్మచెట్లుంటే కొట్టొద్దని సర్పంచ్‌ను, ఫీల్డ్ అసిస్టెంట్‌ను అడగండి. పశువులు నీళ్లకు దిగడానికీ ఆ ఏటవాలే కావాలి, కాబట్టి రైతులు మీతో గొంతు కలుపుతారు. పని మొదలయ్యాక అడిగితే ఎవరూ ఆపరు. ఎస్టిమేట్ వేయకముందే, గ్రామసభలో, మీ నోట్‌బుక్ జెరాక్స్ జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.