ఆగిపోయిన హారర్, సైఫై కామిక్స్ సంకలనం మళ్లీ తెస్తున్నారా? ప్రెస్సుకు పంపే ముందు ఇవి చూసుకోండి

కామిక్ కాన్ (కామిక్స్ అభిమానుల మేళా) సీజన్ దగ్గరపడుతోంది కాబట్టి గుర్తుచేస్తున్నా.

• పాత కథల హక్కులు. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో గడువు రాయకపోతే హక్కుల బదిలీ 5 ఏళ్ల వరకే. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అంటే 2015 నాటి సంతకం ఇవాళ పనికిరాకపోవచ్చు. వాట్సాప్‌లో "వేసుకో అన్నా" అన్న మాటను నమ్ముకోవద్దు. రచయితతోనూ, బొమ్మలు వేసినవాళ్లతోనూ కొత్తగా రాయించుకోండి. అచ్చయ్యాక అభ్యంతరం వస్తే కట్టలన్నీ మీ ఇంట్లోనే.

• ముందే డబ్బు అడగొద్దు. కథలన్నీ చేతికొచ్చాకే క్రౌడ్‌ఫండింగ్ పెట్టండి. సంకలనంలో ఒక్క ఆర్టిస్టు ఆలస్యం చేసినా పుస్తకం మొత్తం ఆగుతుంది, తిట్లు మాత్రం మీకే.

• పేరు. మధ్యలో ఇంకెవరైనా తీసుకున్నారేమో ట్రేడ్‌మార్క్ సైట్‌లో 16వ తరగతి (అచ్చు పుస్తకాలు వచ్చే విభాగం) కింద వెతకండి.

• పాత "అను" ఫాంట్ల (యూనికోడ్ కాని తెలుగు డీటీపీ ఫాంట్లు) ఫైళ్లు. యూనికోడ్‌లోకి మార్చాక ప్రతి డైలాగ్ బెలూనూ చదవండి. దెయ్యం డైలాగ్‌లో ఒత్తు ఎగిరిపోతే పాఠకుడు భయపడడు, నవ్వుతాడు.

• నలుపు. హారర్ పేజీల్లో సగం చీకటే కదా. నాలుగు ఇంకులూ నిండుగా పడితే త్వరగా ఆరక పక్క కాగితానికి అంటుకుంటుంది. నాలుగు ఇంకులూ కలిపి ఎంత శాతం దాటకూడదో ప్రెస్సువాళ్లను అడిగి, బాగా చీకటిగా ఉన్న పేజీకే ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించండి.

• పిన్ను కొట్టే పుస్తకమైతే మొత్తం పేజీలు 4 గుణిజంలో ఉండాలి. లేదంటే చివర్లో ఖాళీలు మిగులుతాయి.