కడపలో మొదటిసారి సంగటి తినబోతున్నారా?

మెనూ మొత్తం చదవొద్దు, నేరుగా రాగి సంగటి, నాటుకోడి పులుసు చెప్పండి. సంగటి అంటే బియ్యం మెత్తగా ఉడికాక రాగి పిండి వేసి గెలికి చేసే ముద్ద, వేడివేడిగా వస్తుంది. స్పూన్ అడగకండి. చేతివేళ్ళు తడి చేసుకుని చిన్న ముక్క తుంచి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి నోట్లో పెట్టుకోండి, అన్నం లాగా నమలక్కర్లేదు, మెల్లగా మింగేయడమే. చల్లారితే గట్టిపడి రుచి పోతుంది కాబట్టి ఫోటోల కోసం ఆగొద్దు!

ఒక మనిషికి ఒక ముద్ద చాలు, నిజంగా కడుపు నిండిపోతుంది. నాటుకోడి ముక్క బ్రాయిలర్ అంత మెత్తగా ఉండదు, ఉడకలేదని అనుకోకండి, దాని గుణమే అది.

కారం ఎక్కువ తినలేకపోతే ముందే చెప్పండి, నాకైతే అడగడంలో నామోషీ ఏమీ కనిపించదు. మంట ఎక్కితే నీళ్ళకన్నా మజ్జిగ మేలు.

బోటి (మేక పేగుల) కూర, తలకాయ కూర మీకు కొత్తయితే సగం ప్లేటు ఇస్తారేమో అడిగి చూడండి. మాంసం తినని వాళ్ళకి సంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి ఉంది, నా ఓటు దానికే.

పొద్దున్నే అయితే కారం దోశ. ఎర్రకారం పూసి పైన పప్పుల పొడి చల్లుతారు, మొదటిసారి కారం తక్కువ పూయమనండి. కర్నూలు, అనంతపురం వైపు వెళ్తే బొరుగులతో (మరమరాలతో) చేసే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ తప్పకుండా తినండి.