కేంద్ర మంత్రివర్గం, 3వ పాఠం: శాఖల జాబితా చదవడం ఎలా?

కిందటి పాఠంలో ప్రమాణ స్వీకారం దాకా వచ్చాం. 75వ అధికరణ ప్రకారం ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారు, మిగతా మంత్రులను ప్రధాని సలహా మీద నియమిస్తారు. ఎంతమందికి చోటుంటుందో 2003 నాటి 91వ సవరణ తేల్చేసింది. ప్రధానితో కలిపి లోక్‌సభ మొత్తం సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. 543 సీట్లకు లెక్క వేస్తే 81. 2024 జూన్ 9న ప్రమాణం చేసినవారు 72 మంది.

శాఖల కేటాయింపు ప్రకటన రాష్ట్రపతి భవన్ నుంచి వస్తుంది. అది రాగానే మన దగ్గర మొదలయ్యే చర్చ ఒకటే: మనవాళ్లకు ఎన్ని బెర్తులు? నన్నడిగితే ఆ లెక్క తర్వాత. ముందు పేరు పక్కన ఉన్న హోదా చూడండి. ఆ 72 మందిలో ప్రధాని కాక కేబినెట్ మంత్రులు 30 మంది, స్వతంత్ర హోదా సహాయ మంత్రులు 5 మంది, సహాయ మంత్రులు 36 మంది.

కేబినెట్ సమావేశంలో కూర్చునేది మొదటివాళ్లే. స్వతంత్ర హోదా ఉంటే ఆ శాఖలో పైన ఇంకో మంత్రి ఉండరు, కానీ తమ శాఖ విషయం చర్చకొచ్చి పిలుపు అందితేనే కేబినెట్‌కు వెళతారు. సహాయ మంత్రి మాత్రం కేబినెట్ మంత్రి కింద, ఆయన అప్పగించిన పనులు చూస్తారు.

ఒక పేరు తీసుకుని చదువుదాం. గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్: గ్రామీణాభివృద్ధి, కమ్యూనికేషన్ల శాఖల సహాయ మంత్రి. రెండు శాఖలున్నాయి కాబట్టి పెద్ద పదవి అనిపిస్తుంది. ఇప్పుడు జాబితాలో పైకి వెళ్లండి. గ్రామీణాభివృద్ధి శివరాజ్ సింగ్ చౌహాన్‌ది, కమ్యూనికేషన్లు జ్యోతిరాదిత్య సింధియాది. అంటే ఈయన ఇద్దరు కేబినెట్ మంత్రులతో పని చేయాలి. అదే శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడిది ఒక్కటే శాఖ, పౌర విమానయానం. కానీ కేబినెట్ హోదా. విమానాశ్రయాల మాట కేబినెట్ ముందుకొస్తే శాఖ తరఫున మాట్లాడేది ఆయనే.

ఒకే మనిషికి రెండు హోదాలూ ఉండొచ్చు. జయంత్ చౌధరికి నైపుణ్యాభివృద్ధిలో స్వతంత్ర హోదా, విద్యాశాఖలో మాత్రం ధర్మేంద్ర ప్రధాన్ కింద సహాయ మంత్రి. ప్రధాని పేరు దగ్గర శాఖలన్నీ అయ్యాక చివర్లో ఇంకో ముక్క ఉంటుంది: ఎవరికీ కేటాయించని మిగతా శాఖలన్నీ. దాన్ని వదిలేయకండి, ఏ శాఖా దిక్కు లేకుండా పోకూడదనే ఆ ఏర్పాటు.

జాబితాలో ఎంపీ కానివారి పేరు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఆరు నెలల్లోగా ఏదో ఒక సభకు ఎన్నికైతే చాలు. పి.వి. నరసింహారావు 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఏ సభలోనూ లేరు. నవంబర్‌లో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచారు.

అభ్యాసం: 2024 జాబితాలో నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాస వర్మ భారీ పరిశ్రమలు, ఉక్కు శాఖల సహాయ మంత్రి. ఆయన పైన కేబినెట్ మంత్రులు ఇద్దరా, ఒక్కరేనా? జాబితా వెతికి పేరు రాసుకోండి. ఆ పేరుతోనే 4వ పాఠంలో కేబినెట్ కమిటీల్లోకి వెళదాం.